చెమట ఆరని చోట

వేసవి ప్రవేశించినంతనే ఎండ ఎన్ని డిగ్రీలున్నదని మనమందరము విచారింతుము. రెంటచింతలలో ఇంత, రామగుండములో ఇంత అని చెప్పుకొందుము. కాని పనిచేయు మనిషి ప్రాణమునకు ముప్పు తెచ్చునది ఆ అంకె యొక్కటే కాదు. ఈ సత్యము కొలతకు అందినది భూగర్భపు గనులలో. ఆ చరిత్రను నేడు కొంత ముచ్చటించుకొందము.

మన శరీరము నిరంతరము వేడిని పుట్టించుచుండును. కాయకష్టము చేయునపుడు ఆ వేడి పలు రెట్లగును. బయటి గాలి ఒంటికంటె వేడిగా నున్నపుడు దానిని వెలికి పంపుటకు మిగిలిన దారి చెమట యొక్కటే. అయితే చెమట కారిన చాలదు, ఆరవలెను. గాలిలో తేమ నిండియున్నచో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు.

బ్రిటిషు శరీరశాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ కార్న్‌వాల్ గనులలోను, వేడి గదులలోను పరీక్షలు జరిపి 1905లో ఫలితములను ప్రకటించెను. ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టగా వచ్చు కొలతయే ముఖ్యమని ఆయన తేల్చెను. గాలి కదలని చోట ఆ తడి కొలత సుమారు 31 డిగ్రీల సెంటిగ్రేడు దాటినచో, ఊరక కూర్చున్నవానికి సైతము ఒళ్లు కాగనారంభించును. గాలి ఆడుచున్నచో మరికొంత ఓర్వవచ్చును.

1923లో మాస్ అను శాస్త్రజ్ఞుడు బొగ్గుగని కార్మికుల కండరములు కొంకర్లు పోవుటకు కారణమును వివరించెను. చెమటతో ఉప్పును పోవును. వట్టి నీరు మాత్రమే త్రాగిన ఆ లోటు తీరదు. నీటిలో కొలదిగా ఉప్పు కలిపి ఇచ్చినచో బాధ తగ్గెను. ఉప్పు వేసిన మజ్జిగ త్రాగి పొలమునకు పోవు మన కూలీల అలవాటు దీనికి దూరము కాదు. దక్షిణాఫ్రికా బంగారు గనులలో మరియొక పాఠము దొరకినది. వేడికి అలవాటుపడని కొత్త కూలీలకే ముప్పు ఎక్కువ. కనుక తొలి దినములలో తక్కువ పని ఇచ్చి, క్రమముగా పెంచు పద్ధతి అచ్చట ఏర్పడెను.

మనకు చేరువలోనే కోలారు గనులు కలవు. 1880లో జాన్ టేలరు కంపెనీ వానిని చేపట్టినది. చిత్తూరు సీమనుండి వెళ్లిన తెలుగువారును, తమిళ సోదరులును అచ్చట తరతరములు శ్రమించిరి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు దిగినది. అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటినది. చల్లార్చిన గాలిని లోనికి పంపనిదే అచ్చట మనిషి పనిచేయజాలడు. 2001లో ఆ గనులు మూతపడినవి.

1957లో అమెరికా మెరీన్ సేనల శిక్షణ శిబిరములకై యాగ్లూ, మినార్డ్ అను ఇరువురు ఒక సూచికను ప్రకటించిరి. ఆరుబయట పనికి అందలి 10 పాళ్లలో 7 పాళ్లు తడి కొలతకు, 2 పాళ్లు ఎండలో నుంచిన నల్లని గోళపు వేడికి, 1 పాలు మాత్రమే మామూలు ఉష్ణమాపకమునకు. కావుననే తేమ నిండిన కోస్తాలో 38 డిగ్రీలు, పొడిగాలి వీచు మెరక సీమలో 43 డిగ్రీలకంటె కఠినము కావచ్చును.

1948 నాటి కర్మాగారముల చట్టము, 250 మందికి మించి పనివారున్న చోట వేసవిలో చల్లని త్రాగునీరు ఇయ్యవలెనని విధించినది. కాని కలుపు తీయు కూలికి, రోడ్డుపై తారు పోయు మనిషికి ఆ చట్టపు నీడ అందలేదు. 2015 వేసవిలో ఉభయ తెలుగు రాష్ట్రములలో వేయిమందికి పైగా వడదెబ్బకు బలియైరి.

గనిలోనికి గాలిని పంపుటకు యంత్రములు కావలసివచ్చెను. మన యింటి గోడ కట్టు తాపీమేస్త్రికి అంత అక్కరలేదు. ఇంత నీడ, ఉప్పు కలిపిన మజ్జిగ, నడుమ నడుమ విశ్రాంతి, మిట్టమధ్యాహ్నము తప్పించి ఉదయ సాయంత్రములకు మార్చిన పనివేళ — ఇవి చాలవరకు కాపాడును. ఆపై మాట తడబడినను, అడుగు తూలినను పని మాన్పించి, ఒంటిపై నీరు చల్లి, గాలి విసరి, వెంటనే వైద్యుని కడకు చేర్పవలెను. పని చేయించుకొను ప్రతి యింటివారికిని ఇది కర్తవ్యమని మా మనవి.