ఫార్మాట్ కొట్టిస్తే పోతుందా?

ఫోన్ మొండికేస్తే మన దగ్గర వినిపించే మొదటి సలహా "ఫార్మాట్ కొట్టించు". రెండోది "సాఫ్ట్‌వేర్ వేయించు". అబిడ్స్ జగదీష్ మార్కెట్ కౌంటర్ల నుంచి మండల కేంద్రంలోని రీచార్జ్ కొట్టు దాకా ఇదే వైద్యం. ఈ మాటల వెనక ఒక నమ్మకం ఉంది: లోపల ఏదో చేరింది, తుడిచేస్తే పోతుంది, ఫోన్ మళ్ళీ మనదవుతుంది. స్మార్ట్‌ఫోన్ల మొదటి రోజుల్లో ఈ నమ్మకం నిజమే. అది ఎక్కడ బీటలు వారిందో చూద్దాం.

2004 జూన్‌లో బయటపడ్డ కాబిర్‌ని మొబైల్ ఫోన్ల మొదటి వార్మ్ అంటారు. సింబియన్ మీద నడిచే నోకియా సిరీస్ 60 లాంటి ఫోన్ల మీద దాని దాడి. బ్లూటూత్‌లో ఒక ఫైల్ వస్తుంది. తీసుకోవాలా అని ఫోన్ అడుగుతుంది. మనం ఎస్ నొక్కాలి, ఇన్‌స్టాల్ కూడా మనమే చేయాలి. ఎంత మర్యాదో చూడండి. కాకపోతే నో అంటే ఊరుకోదు, పక్కనే ఉన్నంతసేపూ మళ్ళీ మళ్ళీ అడుగుతూనే ఉంటుంది. విసుగొచ్చి ఎస్ నొక్కేస్తాం. 2005 ఆగస్టులో హెల్సింకిలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరుగుతుంటే, కిక్కిరిసిన స్టేడియంలో అది ఒక జేబులోంచి ఇంకో జేబులోకి పాకింది. పైగా తెర మీద 'కరీబ్' అని తన పేరు తనే చూపించుకునేది. దొంగ ఇంట్లో దూరి గుమ్మానికి నేమ్‌ప్లేట్ తగిలించినట్టు.

2004 నవంబర్‌లో వచ్చిన స్కల్స్ ఇంకా బాహాటం. థీమ్ మేనేజర్ అని నమ్మించి, ఫోన్లోని ఐకన్లన్నిటినీ పుర్రె బొమ్మలుగా మార్చేసేది. కాల్స్ తప్ప ఇంకేమీ పనిచేయవు. విరుగుడు కూడా అంతే సూటిగా ఉండేది. స్టార్, హ్యాష్, 7370, హ్యాష్. సెక్యూరిటీ కోడ్ అడిగితే 12345. కాంటాక్టులూ ఫోటోలూ పోయేవి, పుర్రెలూ పోయేవి. అప్పట్లో ఫోన్‌కి జబ్బు చేసిందని ఎవరూ చెప్పక్కర్లేదు, కళ్ళకి కనిపించేది. బాగైందన్నదీ కళ్ళకే కనిపించేది.

ఆండ్రాయిడ్ వచ్చాక తుడిచే చెయ్యి మారింది. 2011 మార్చిలో గూగుల్ మార్కెట్లోనే 50కి పైగా యాప్‌లలో డ్రాయిడ్‌డ్రీమ్ అనే మాల్వేర్ దొరికింది. గూగుల్ వాటిని మార్కెట్లోంచి తీసేయడంతో ఆగలేదు. దూరం నుంచే జనం ఫోన్లలోకి వెళ్ళి ఆ యాప్‌లని తొలగించింది. జరిగిన నష్టాన్ని సరిచేయడానికి ఇంకో చిన్న ప్రోగ్రామ్‌ని తనే పంపింది. మంచి పనే. అయితే మన ఇంట్లో దూరినవాణ్ణి తరమడానికి ఇల్లు కట్టిన మేస్త్రీ దగ్గర ఒక తాళంచెవి ఎప్పుడూ ఉంటుందని చాలామందికి అప్పుడే తెలిసింది.

ఫార్మాట్ మీద నమ్మకానికి అసలు దెబ్బ ఎక్స్‌హెల్పర్‌తో తగిలింది. 2019 అక్టోబర్ నాటికి 45 వేల ఫోన్లలో ఉందని సిమాంటెక్ లెక్క. ఐకన్ కూడా లేని ఈ యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తే తిరిగొచ్చేది. ఫ్యాక్టరీ రీసెట్ చేసినా తిరిగొచ్చేది. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో కాస్పర్‌స్కీ దీని గుట్టు విప్పింది. ఫ్యాక్టరీ రీసెట్ తుడిచేది మన డేటా ఉండే భాగాన్నే, ఫోన్‌తో పాటు వచ్చిన సిస్టమ్ భాగాన్ని ముట్టుకోదు. అద్దె ఇంట్లో సామాన్లన్నీ బయట పడేసినా గోడలు అవే కదా. ఎక్స్‌హెల్పర్ తీసుకొచ్చిన మాల్వేర్ పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో రూట్ సంపాదించి ఆ గోడల్లోనే గూడు కట్టుకుంది. తన ఫైళ్ళని ఎవరూ చెరపలేకుండా ముద్ర వేసింది. ఆ ముద్ర తీయాలంటే వాడాల్సిన సిస్టమ్ లైబ్రరీని కూడా మార్చేసింది. చివరికి మిగిలిన మందు సిస్టమ్‌ని మొదట్నుంచీ మళ్ళీ రాయడం. అంటే మన రీచార్జ్ కొట్టు కుర్రాడు చెప్పే "సాఫ్ట్‌వేర్ వేయించడం". కొన్ని చవక ఫోన్లలో ఫర్మ్‌వేర్‌లోనే మాల్వేర్ ఉండే అవకాశం ఉందని కూడా కాస్పర్‌స్కీ హెచ్చరించింది. అప్పుడు మందులోనే జబ్బు.

ఇక్కడిదాకా జబ్బు ఏదో రకంగా పైకి తేలేది. అసలేమీ కనిపించని రకం ఎలా ఉంటుందో లోకానికి తెలిసింది 2016 ఆగస్టులో. యూఏఈలో మానవ హక్కుల కార్యకర్త అహ్మద్ మన్సూర్‌కి 10, 11 తేదీల్లో ఎస్ఎమ్ఎస్‌లు వచ్చాయి. జైళ్ళలో చిత్రహింసల గురించి కొత్త రహస్యాలున్నాయి, లింక్ నొక్కమని. 2011లో ఒకసారి, 2012లో ఒకసారి గూఢచర్య సాఫ్ట్‌వేర్ల బారిన పడ్డ మనిషి ఆయన. నొక్కలేదు. టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్‌కి పంపించాడు. వాళ్ళూ, లుకౌట్ సంస్థా కలిసి తవ్వితే ఆ లింక్ వెనక ఆపిల్‌కి కూడా తెలియని మూడు లోపాలు, వాటి వెనక ఎన్ఎస్ఓ గ్రూప్ తయారుచేసిన పెగాసస్ బయటపడ్డాయి. ఆగస్టు 25న ఆపిల్ ఐఓఎస్ 9.3.5 విడుదల చేసింది. ఒక మనిషి వేలు ఆపుకున్నందుకు ప్రపంచంలోని ఐఫోన్లన్నిటికీ అప్‌డేట్ వచ్చింది. ఆయన్ని మాత్రం ఏడు నెలల తర్వాత, 2017 మార్చిలో అరెస్టు చేశారు. 2018లో పదేళ్ళ శిక్ష వేశారు. సెట్టింగ్స్‌లో ఎర్రచుక్క పెట్టుకుని రోజూ "తర్వాత" అని తోసేసే అప్‌డేట్లకి ఇలాంటి వెనక కథలుంటాయి.

ఆ తర్వాత లింక్ నొక్కే అవసరం కూడా పోయింది. జీరో క్లిక్. మెసేజ్ వస్తే చాలు. దీంతో ఒక వింత మలుపు తిరిగింది. 2021లో ఆమ్నెస్టీ పరిశోధకులు గమనించిన దాని ప్రకారం పెగాసస్ కొత్త రూపాలు ఫోన్లో పాతుకుపోవడానికే ప్రయత్నించడం లేదు. రీస్టార్ట్ చేస్తే పోతాయి, కావాలంటే మళ్ళీ పంపుకుంటారు. ఫోన్‌ని వారానికోసారి ఆఫ్ చేసి ఆన్ చేయమని అమెరికా ఎన్ఎస్ఏ 2020లో ఇచ్చిన సలహా వినడానికి అమ్మమ్మ చిట్కాలా ఉంటుంది గానీ, దాని వెనక తర్కం ఇదే. ప్రతిసారీ మళ్ళీ దూరాల్సి వస్తే దాడి చేసేవాడికి ఖర్చు పెరుగుతుంది.

కానీ తుడిచేయడానికీ తెలుసుకోవడానికీ పొసగదు. రీస్టార్ట్‌తో దొంగా పోతాడు, అడుగుజాడలూ చాలామటుకు పోతాయి. మన సుప్రీంకోర్టే ఈ గోడకి తల కొట్టుకుంది. పెగాసస్ ఆరోపణల మీద 2021 అక్టోబర్‌లో సాంకేతిక కమిటీ వేశారు. జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షించారు. 2022 ఆగస్టు 25న అప్పటి ప్రధాన న్యాయమూర్తి, మన తెలుగాయన ఎన్.వి. రమణ ఫలితం చెప్పారు. 29 ఫోన్లు పరీక్షిస్తే 5 ఫోన్లలో ఏదో మాల్వేర్ ఉంది. అది పెగాససేనని తేల్చలేకపోయారు. కేంద్రం సహకరించలేదని కమిటీ అన్నట్టు కూడా ఆయన చెప్పారు. దేశంలో అత్యున్నత న్యాయస్థానానికే తేలనిది "మీ ఫోన్లో 13 వైరస్‌లున్నాయి" అని ఎర్రగా మెరిసే ప్రకటనకి ఎలా తెలుస్తుందో నాకెప్పుడూ అర్థం కాలేదు.

మనలో చాలామంది మీద పెగాసస్ ఎవరూ ఖర్చుపెట్టరు. మన దాకా వచ్చేది వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో దిగే ఏపీకే ఫైల్. ఇన్‌స్టాల్ అవగానే ఎస్ఎమ్ఎస్‌లు చదివే అనుమతి, యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. ఇస్తే ఓటీపీలు అవతలివాడికి చేరతాయి. ఇక్కడ పాత వైద్యం ఇంకా పనిచేస్తుంది, కానీ వరుస ముఖ్యం. ముందు డేటా, వైఫై కట్టేయాలి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకీ, 1930కీ కాల్ చేయాలి. ఆ ఫైల్ ఎవరు పంపారో, ఎప్పుడు వచ్చిందో స్క్రీన్‌షాట్ తీసి వేరేచోట దాచాలి. రీసెట్ చేశాక ఫిర్యాదుకి ఆధారం ఉండదు. తర్వాత సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి డివైజ్ అడ్మిన్, యాక్సెసిబిలిటీ జాబితాల్లోంచి ఆ యాప్ హక్కులు తీసేసి, అన్‌ఇన్‌స్టాల్ చేసి, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్. పాత బ్యాకప్ నుంచి యాప్‌లని తెచ్చుకోకుండా ప్లేస్టోర్ నుంచి కొత్తగా వేసుకోవాలి. పాస్‌వర్డ్‌లు మార్చేది శుభ్రంగా ఉన్న వేరే ఫోన్ నుంచి.

ఇంత చేసినా ఒక తలుపు మిగిలిపోతుంది. వరవరరావు, రోనా విల్సన్, హనీ బాబుల ఈమెయిల్ ఖాతాలకి వేరే రికవరీ ఈమెయిల్, ఫోన్ నంబర్ జతచేసి ఉన్నాయనీ, వాటి జాడ పుణె పోలీసుల దాకా వెళ్తోందనీ సెంటినెల్‌వన్ పరిశోధకులని ఉటంకిస్తూ వైర్డ్ పత్రిక 2022 జూన్‌లో రాసింది. అలాంటి ఏర్పాటుంటే మనం పాస్‌వర్డ్ మార్చుకున్నా అవతలివాడు 'మర్చిపోయాను' నొక్కి మళ్ళీ లోపలికి రాగలడు. ఫోన్ కొత్తది కొన్నా అంతే. గూగుల్ ఖాతాలో రికవరీ వివరాలు, లాగిన్ అయి ఉన్న ఫోన్ల జాబితా, వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్. ఈ మూడూ చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

ఈ చరిత్రలో ఆలస్యంగా రాసిన అధ్యాయం ఇంకోటుంది. అందులో హ్యాకర్ అదే ఇంట్లో ఉంటాడు. పిన్ తెలుసు, వేలిముద్ర తనదీ ఎక్కించి ఉంటుంది, ఫోన్ కొనిచ్చింది కూడా తనే. పిల్లల భద్రత కోసమని అమ్మే యాప్‌ని భార్య ఫోన్లో పెట్టడానికి ఏ జీరో క్లిక్కూ అక్కర్లేదు, ఆమె స్నానానికి వెళ్తే చాలు. వీటికి స్టాకర్‌వేర్ అని పేరుపెట్టి యాంటీవైరస్ కంపెనీలు, మహిళా సహాయ సంస్థలు ఒక కూటమి కట్టింది 2019 నవంబర్‌లో. స్పైఫోన్ అనే యాప్ కంపెనీని అమెరికా ఎఫ్‌టీసీ నిషేధించింది 2021లో. అంతకుముందు చాలా యాంటీవైరస్‌లు ఇలాంటి యాప్‌లని గట్టిగా పట్టించుకునేవే కావు. ఎందుకంటే పెట్టింది ఫోన్ ఉన్న ఇంటివాళ్ళే కదా!

ఇక్కడ పైన చెప్పిన వరుసంతా తలకిందులవుతుంది. యాప్ తీసేసిన నిమిషంలో అవతలివాడికి తెలిసిపోతుంది. అది పెట్టినవాడు కొట్టేవాడైతే ఫోన్ శుభ్రపడిన రాత్రే ఆమెకి ప్రమాదం. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ముందు తీసేయమనరు. ఆ ఫోన్‌ని అలాగే మామూలుగా వాడుతూ, అతని చేతికి అందని ఇంకో ఫోన్ నుంచి సహాయం అడగమంటారు. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని నమ్మాలో తేల్చుకున్నాకే తుడిచే సంగతి. 2022లో ఐఓఎస్ 16తో ఆపిల్ సేఫ్టీ చెక్ అనే ఏర్పాటు తెచ్చింది. మన లొకేషన్, ఫోటోలు ఎవరికి కనిపిస్తున్నాయో ఒకేచోట చూసి, అక్కడే ఆపేయొచ్చు. దాని తెర పైన ఒక మూల 'క్విక్ ఎగ్జిట్' అని చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే ఆ పేజీ చటుక్కున మాయమై, మామూలు హోమ్ స్క్రీన్ వచ్చేస్తుంది. గదిలోకి ఎవరైనా వస్తే.