కమాన్‌పూర్ పాత ఇండ్ల వయసు తేల్చేదెట్లా?

ఆదివరాహస్వామి కొలువుతో మా కమాన్‌పూర్‌కు పేరుంది. ఊరి నడుమ ఉన్న పాత ఇండ్ల చరిత్రను కూడా అంతే భక్తిగా రాసుకోవాలని నా కోరిక.

ఇల్లెప్పటిదని అడిగితే చాలామంది ముందు పహాణీ వెతుకుతారు. 1954-55 నాటి ఖాస్రా పహాణీ, ఆ తర్వాతి సేసల పహాణీ పొలాల చరిత్రకు గట్టి ఆధారాలు. ఇల్లు ఉన్నది మాత్రం ఊరి నివాస స్థలమైన గ్రామకంఠంలో. అక్కడ ఇంటింటికీ విడి సర్వే నంబరు ఉండదు. అందుకే సందూకలో దాచిన పాలుపంపకాల కాగితం, అమ్మకపు దస్తావేజు, పంచాయతీ ఇంటిపన్ను రసీదులు చూడాలి. నిజాం కాలపు కాగితం ఉర్దూలో ఉండి, తేదీ ఫస్లీ సంవత్సరంలో ఉంటే దానికి 590 కలపాలి: 1350 ఫస్లీ అంటే 1940-41. ధర నిజాం నాణెమైన హాలీ సిక్కాలో ఉంటే, ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ (బ్రిటిష్ ఇండియా) రూపాయలకు సమానంగా ఉండేవి. దస్తావేజులో నాలుగు దిక్కుల హద్దులు రాస్తారు కాబట్టి, ఒక ఇంటి కాగితం పక్కింటికీ సాక్ష్యమవుతుంది. అయితే ఆ తేదీకి ఇల్లు నిలబడి ఉందనే అది చెబుతుంది, ఎప్పుడు కట్టారో చెప్పదు.

ఆ సంగతి గోడను, కప్పును అడగాలి. మందపు మట్టిగోడలు, టేకు దూలాలు, దంతెలు, పైన గూనపెంక ఉంటే అది పాత పద్ధతి. మనం బెంగుళూరు పెంక అనే బల్లపరుపు పెంకను 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ కార్ఖానా చేయడం మొదలుపెట్టింది. కాజీపేట-బల్లార్షా రైలుమార్గం 1929లో పూర్తయ్యాక దూరపు సరుకు పెద్దపల్లి, రామగుండం స్టేషన్లదాకా రావడం సులువైంది. పెంక వెనక అచ్చుంటే తయారైన చోటు దొరుకుతుంది. 1969లో బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చాక ఆ సరుకు పొరుగుదే అయింది. కానీ కప్పు వయసును ఇంటి వయసు అనుకోవద్దు. గూనపెంక దింపి కొత్త పెంక వేసి ఉంటారు. చెక్కిన దర్వాజ వేరే ఇంటి నుంచి తెచ్చి ఉంటారు. కప్పు, గోడ, గడప విడివిడిగా చూసి రాయాలి.

1960ల నుంచి గోదావరిఖని బొగ్గుబాయిలు మా ఇండ్లనూ మార్చాయి. ఒక కొడుకు ఎవుసం చేస్తే మరొకడు బాయి పనికి పోయాడు. జీతం డబ్బుతో స్లాబు అర్రలు లేచాయి, పంపకాలతో వాకిలి నడుమ గోడ వచ్చింది. ఓపెన్‌కాస్టు గనులు విస్తరించాక ఈ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లే తరలిపోయాయి. పరిహారం లెక్కకు గోడ కొలత, కప్పు రకం చాలు. ఏ అర్ర ఏ పెండ్లికి కట్టారో అందులో ఉండదు. అది ఇంటి ముసలమ్మలకు తెలుసు.

కాబట్టి పాత ఇల్లు కూల్చాలనుకునేవారు ముందు నక్ష గీయించండి. పెంక అచ్చు, దూలం అతుకులు ఫొటో తీయండి. దస్తావేజు నకలు దాచండి. పెద్దల మాట రికార్డు చేయండి. పంచాయతీ, బడి కలిసి ఈ పని పిల్లలతో చేయిస్తే ఊరికి సొంత చరిత్ర పుస్తకం తయారవుతుంది. కొత్త ఇల్లు ఎప్పుడైనా కట్టుకోవచ్చు, కూలిన ఇంటిని కొలవలేం.