అదే ఒకటిన్నర గ్రాము

ఉరవకొండ చుట్టుపక్కల చీనీ చెట్లు పెట్టిన రైతులకు పొటాష్ కొత్త కాదు. ఎరువుల అంగట్లో ఎర్రటి ఉప్పురవ్వలా కనిపించే ఆ బస్తాలో ఉన్నది ముఖ్యంగా పొటాషియం క్లోరైడే. రక్తంలో పొటాషియం తగ్గిందని డాక్టరు రాసిచ్చే సిరప్‌లోనూ ఆ లవణమే, శుద్ధి చేసి పోస్తారు. అంతమాత్రాన బస్తాలోది నోట్లో వేసుకునేది కాదు.

పూర్వం కట్టెల బూడిదను నానబెట్టి, తేట నీళ్లను మరగకాచి పొటాష్ తీసేవారు. 1807లో లండన్‌లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ కాస్టిక్ పొటాష్‌లోకి కరెంటు పంపి పొటాషియం లోహాన్ని విడదీశాడు. 1861లో జర్మనీలోని స్టాస్‌ఫుర్ట్‌లో గని ఉప్పుతో ఫ్యాక్టరీ మొదలయ్యాక పొటాష్ ఎరువుగా పొలాలకు చేరింది.

ఒంట్లో పొటాషియం పని తెలియడానికి ఇంకా కాలం పట్టింది. 1880లలో ఇంగ్లండ్ వైద్యుడు సిడ్నీ రింగర్ కప్ప గుండెలపై పరీక్షలు చేసి, పొటాషియం మోతాదు మించితే గుండె కొట్టుకోవడం ఆగిపోతుందని చూశాడు. 1940లలో అమెరికాలో పిల్లల వైద్యుడు డేనియల్ డారో, విరేచనాలతో సోలిపోయిన పసిపిల్లలకు ఉప్పునీటితో పాటు పొటాషియమూ ఎక్కించాలని చూపించాడు.

1958లో క్లోరోథయజైడ్ వచ్చింది. ఒంట్లో నీరు లాగి బీపీ తగ్గించే ఈ బిళ్ల మూత్రంలో పొటాషియాన్నీ పోగొట్టేది. సరే, ఆ మందునూ పొటాషియం క్లోరైడ్‌నూ ఒకే మాత్రలో కలిపేస్తే పోలా అనుకున్నారు. 1960ల మధ్యకల్లా సంగతి బయటపడింది: ఆ మాత్ర చిన్నపేగులో ఒకేచోట కరిగి పుండ్లు పెడుతోంది. కొందరికి ఆపరేషన్ దాకా వెళ్లింది. నెమ్మదిగా కరిగే మాత్రలు ఆ తర్వాత వచ్చినవే. వాటిని నమలకూడదు, పొడి చేయకూడదు. నిటారుగా కూర్చుని గ్లాసెడు నీళ్లతో మింగాలనడం వెనక ఈ కథంతా ఉంది.

ఇప్పుడొక లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్లలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లో పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు. మన దగ్గర మామూలుగా దొరికే సిరప్ 15 మిల్లీలీటర్లలోనూ 1.5 గ్రాములే. ఆసుపత్రిలో 10 మిల్లీలీటర్ల ఇంజెక్షన్ గొట్టంలోనూ అంతే. లీటరులో పసిపిల్లలను నిలబెట్టేది, నేరుగా నరంలోకి ఒక్కసారి తోస్తే గుండెను ఆపుతుంది. అందుకే సెలైన్‌లో కలిపి గంటలకొద్దీ ఎక్కిస్తారు. చిక్కటి మందున్న ఈ గొట్టాలను వార్డుల్లో ఉంచవద్దని 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

సిరప్‌నూ అలా గొంతులో పోసుకోరు. నీళ్లలో కలిపి, తిన్నాక, గుక్కగుక్కగా తాగాలి.

ఎండలో చేను పని చేసి కాళ్లు లాగితే సిరప్ తెచ్చుకునేవాళ్లున్నారు. చెమటలో పోయేది ఎక్కువగా సోడియం. పొటాషియం పోయేది కొద్దే. అలాంటప్పుడు ఉప్పేసిన మజ్జిగ చాలు. కిడ్నీ సరిగా లేనివాళ్లు, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ వంటివి వాడేవాళ్లు సొంతంగా తాగితే ప్రమాదం. వాళ్ల ఒంట్లో పొటాషియం నిలవుంటుంది. సోడియం తగ్గించిన ఉప్పుతోనూ వాళ్లకు అదే ప్రమాదం; ఆ ప్యాకెట్లలో తరచుగా పొటాషియం క్లోరైడే కలుపుతారు.

రక్తపరీక్షలో పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. మందు మొదలుపెట్టాక మళ్లీ పరీక్ష చేయించాలి. తాగుతున్నా అంకె కదలకపోతే మోతాదు పెంచుకోకుండా, మెగ్నీషియం చూడాలా అని డాక్టరును అడగండి. అది తక్కువైతే పొటాషియం మూత్రంలో పోతూనే ఉంటుంది.