దండనీతి - అధికారి అంతఃకరణం

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో భారత, చీనా సామ్రాజ్యాలు రెండూ ఒకే ప్రశ్నను ఎదుర్కొన్నాయి. రాజదృష్టి సోకని దూరప్రాంతంలో అధికారిని కర్తవ్యంలో నిలిపేది ఏది?

చీనాలోని ఛిన్ రాజ్యం భయాన్ని ఆశ్రయించింది. అంతకు శతాబ్దం ముందే షాంగ్ యాంగ్ అనే అమాత్యుడు కుటుంబాలను ఐదేసి, పదేసి చొప్పున సమూహాలుగా కూర్చి, ఒకరి నేరానికి తక్కినవారిని బాధ్యులను చేశాడు. క్రీ.పూ. 221లో దేశాన్ని ఏకీకరించిన షి హువాంగ్ దానిని 36 మండలాలుగా విభజించి లిపికి, తూనికలకు, కొలతలకు ఏకరూపత కల్పించాడు. అయితే క్రీ.పూ. 209లో వర్షాలవల్ల ఆలస్యమైన నిర్బంధ సైనికులు, ఆలస్యానికీ తిరుగుబాటుకూ మరణమే శిక్ష అయినప్పుడు తిరుగుబాటే మేలని నిశ్చయించారని చరిత్రకారుడు సిమా ఛియాన్ వ్రాశాడు. ఏకీకరణ జరిగిన సుమారు 15 సంవత్సరాలకే ఆ వంశం అంతరించింది.

అశోకుడూ దండాన్ని విడువలేదు. మరణశిక్షను రద్దు చేయక, శిక్షితులకు మూడు దినాల గడువు మాత్రమే ఇచ్చాడు. రజ్జుకులు భేరీనాదంతో జనపదానికి ధర్మాజ్ఞను వినిపించాలన్న ఆదేశం నేటికీ కర్నూలు ప్రాంతపు ఎర్రగుడి శిలపై ఉన్నది. కాని కళింగంలోని ధౌలి, జౌగడ శాసనాలలో ఆయన న్యాయాధికారులను ఉద్దేశించి మరొక మార్గం చూపాడు. ప్రజలందరూ తన సంతానమని ప్రకటించి, అకారణ బంధనం కూడదని హెచ్చరించి, న్యాయాన్ని చెరచే ఏడు దోషాలను పేర్కొన్నాడు. అవి ఈర్ష్య, క్రోధం, నైష్ఠుర్యం, త్వర, అనభ్యాసం, ఆలస్యం, క్లమం.

ఈ తులనలో ఒక సత్యాన్ని విస్మరించరాదు. అశోకుని తరువాత అర్ధశతాబ్దానికే మౌర్యవంశమూ ముగిసింది. ఛిన్ వంశం నశించినా, దాని మండల వ్యవస్థను అనంతర హాన్ వంశం చాలావరకు స్వీకరించింది. కనుక సద్భావం ఒక్కటే రాజ్యాన్ని నిలపదు. సువ్యవస్థ లేనిదే కరుణ ప్రజలకు చేరదు. తీక్ష్ణదండం ప్రజలను కలవరపెడుతుందని, మృదుదండం రాజును చులకన చేస్తుందని, యథార్హదండమే పూజ్యమని అర్థశాస్త్రం నిర్ణయించింది.

అయితే యథార్హమేదో నిర్ణయించవలసినది ఒక మనస్సే. ఆ మనస్సు క్రోధగ్రస్తమైతే ఉత్తమ శాసనమూ హింసగా పరిణమిస్తుంది. అశోకుడు అధికారికి నిషేధించిన క్రోధం, ఈర్ష్య, ఆలస్యం సాధకుడు తనలో జయింపవలసిన శత్రువులే. న్యాయపీఠమెక్కినవానికి చిత్తశుద్ధి స్వంత శ్రేయస్సుతో ముగిసే విషయం కాదు. అది లోపిస్తే, చెర అనుభవించేది నిరపరాధి.