బుడమేరూ మనమూ

ప్రతి ఏడాదీ ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు, వసూళ్ల శాతాలు రాసుకుంటాం. ఈసారి ఒక ఏటి లెక్క కూడా రాయాలని సమాఖ్య మీటింగులో తీర్మానం చేసుకున్నాం. ఎందుకంటే 2024 సెప్టెంబరు తర్వాత మన గ్రూపుల్లో ఆగిపోయిన కిస్తీల వెనక ఉన్నది ఆ ఏరే.

బుడమేరంటే ఏంటని మన పిల్లల్ని అడిగితే మురిక్కాలవ అంటారు. మనమూ అట్లాగే అంటాం. నిజానికి అది కాలవ కాదు, ఏరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి, వెలగలేరు మీదుగా వచ్చి, విజయవాడను ఆనుకుని పారి, ఎనికేపాడు దగ్గర కాలవల అడుగు నుంచి దాటి కొల్లేరులో కలుస్తుంది. కొల్లేటి నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి.

మన ఊళ్లో కాలవలు వేరే ఉన్నాయి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది. అది 1952లో తెగిపోతే దాని బదులు ప్రకాశం బ్యారేజీ కట్టి 1957లో పూర్తి చేశారు. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఆ కృష్ణ నీళ్లతోనే పారతాయి. కాలవకు లాకులుంటాయి, వదిలితే నీళ్లొస్తాయి, కడితే ఆగుతాయి. ఏరు అట్లా కాదు. కొండల్లో వాన పడితే ఎవర్నీ అడక్కుండా వస్తుంది. ఈ తేడా మనం మర్చిపోయాం.

పెద్దవాళ్లు మర్చిపోలేదు. బుడమేరుకు 'విజయవాడ దుఃఖం' అని పేరు ఊరికే రాలేదు. వరదల బాధ పడలేకే వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరద నీటిని డైవర్షన్ కాలవలోకి మళ్లించి, బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపారు. దాంతో ఊరి వైపు వచ్చే నీళ్లు తగ్గాయి. నీళ్లు తగ్గిన చోటికి మనుషులు వచ్చారు.

ఆ వచ్చిన మనుషులు మనమే. తాపీ పనికి, ఆటోనగర్ పనికి, ఇళ్లల్లో పాచిపనికి ఊళ్ల నుంచి వచ్చినోళ్లకు టౌను మధ్యలో గది అద్దెకు తీసుకునే తాహతు ఎక్కడిది? పల్లంలో స్థలం చవగ్గా దొరికింది. ముందు రేకుల షెడ్డు, తర్వాత గ్రూపు అప్పుతో గోడలు, ఆ తర్వాత స్లాబు. ఇంటిపన్ను రసీదు వచ్చింది, కరెంటు మీటరు వచ్చింది, రేషన్ కార్డు వచ్చింది. ఏటి హద్దు ఎక్కడిదాకా అని చెప్పే కాగితం మాత్రం మనకెవరూ చూపలేదు. మనమూ అడగలేదు.

2024 ఆగస్టు 31న కుండపోత వాన. బుడమేరు పొంగింది, డైవర్షన్ కాలవ కట్టకు గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణ కూడా నిండుగా ఉంది. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది, బ్యారేజీ కట్టాక అంత ఎప్పుడూ రాలేదు. నిండిన బిందెలో ఇంకో చెంబు పొయ్యలేం గదా! సెప్టెంబరు 1 ఆదివారం సింగ్ నగర్, పాయకాపురం నీళ్లలో ఉన్నాయి. పాలప్యాకెట్టు కోసం, మంచినీళ్ల సీసా కోసం మేడ మీద నిలబడి చేతులూపిన రోజులు మనకెవరూ చెప్పక్కర్లేదు. ఒక గ్రూపు లీడరక్క బియ్యం బస్తా వదిలేసి, పది మంది పాస్‌బుక్కులు కొంగున కట్టుకుని మేడెక్కింది.

నీళ్లు తీశాక ఇళ్లు కడిగాం. ఆ తర్వాత జరిగిన మొదటి మీటింగులో ఒక పిన్ని అడిగిన మాట ఇక్కడ రాయాలి. "ఇంట్లో బురదంతా ఎత్తి ఎక్కడ పోశామే?" ఎవరూ మాట్లాడలేదు. కాలవలోనే పోశాం.

శ్రమదానం అక్కడ మొదలైంది. ఆదివారం పొద్దున్నే చీపుర్లు, గమేళాలు, గోనెసంచులతో గట్టు మీదికి వెళ్లాం. థర్మాకోల్ ప్లేట్లు, గుట్కా ప్యాకెట్లు, పిల్లల డైపర్లు, పాత పరుపులు, పూజ చేసి పారేసిన దండలు దొరికాయి. ఎగువ నుంచి కొట్టుకొచ్చిందని తిట్టుకుంటూ ఎత్తాం గానీ, చాలావరకు మన వీధి సరుకే అని అందరికీ తెలిసింది. సంచులు నింపి, ఫొటో దిగి వచ్చాం. నెల తిరక్కుండానే మళ్లీ అట్లాగే తయారైంది.

అప్పుడు పద్ధతి మార్చాం. ఎత్తడం కన్నా పడకుండా చూడటం ముఖ్యం అనుకున్నాం. మన వీధి డ్రైను కాలవలో కలిసే చోట ఇనప జాలీ పెట్టించాం. దాన్ని దులిపే వంతు వారానికో గ్రూపుది. ఫంక్షన్లకు సమాఖ్య స్టీలు ప్లేట్లు, గ్లాసులు అద్దెకిస్తోంది. దాంతో థర్మాకోల్ తగ్గింది, నిధికి నాలుగు రూపాయలు వచ్చాయి.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం, సభ్యులెవరూ నీళ్లలోకి దిగకూడదు. మురుగు గొట్టాల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. జీతం తీసుకునేవాళ్లనే దించకూడనప్పుడు, సేవ పేరుతో మనం దిగితే తప్పు కాదా? పూడిక, గుర్రపుడెక్క తియ్యడం మిషన్ల పని. దానికి అర్జీ పెట్టడం, వచ్చేదాకా తిరగడం మన పని.

ఇక కష్టమైన సంగతి. వరద తర్వాత ఏటిని వెడల్పు చేస్తారని, ఆక్రమణలు తీసేస్తారని మాట వచ్చింది. మర్నాటి నుంచి గట్టు మీద ఉండే ఇద్దరు సభ్యులు శ్రమదానానికి రావడం మానేశారు. "మీరు కాలవ బాగుచేస్తే ముందు పోయేది మా కొంపే గదా" అన్నారు. వాళ్లది తప్పని మేం అనలేకపోయాం. ఏటికి చోటు లేకపోతే అది మళ్లీ మన ఇళ్లల్లోకే వస్తుంది. ఏటికి చోటిస్తే కొందరి ఇళ్లు పోతాయి. రెండూ నిజాలే.

మూడు మీటింగులు కూర్చుని ఒక తీర్మానం రాశాం. హద్దులు సర్వే చేసి అందరి ముందూ చూపాలి. ఇల్లు పోయేవాళ్లకు ముందుగా, పనికి వెళ్లొచ్చే దూరంలోనే ఇల్లు చూపాలి. పేదల రేకుల షెడ్డుకి ఏ కొలతో పెద్ద గోడలకూ అదే కొల ఉండాలి. ఏటిని బాగుచెయ్యమనే అర్జీలోనే ఇవన్నీ రాశాం, విడిగా రాయలేదు. ఆ ఇద్దరిలో ఒకామె మళ్లీ వస్తోంది. రెండో ఆమె ఇంకా రాలేదు. ఆమె గ్రూపులోనే ఉంది, మేం అడుగుతూనే ఉన్నాం.

మన సంఘాలు పుట్టిన కథ గుర్తు చేసుకుందాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు పొదుపైంది, ఆ పొదుపులోంచి సంఘాలు పెరిగాయి. వాళ్లూ గుమ్మం ముందున్న కష్టంతోనే మొదలుపెట్టారు. మనదీ గుమ్మం ముందున్న నీళ్లే.

సమాఖ్య ఆఫీసు గోడ మీద వరద నీటి గీత ఇంకా ఉంది. సున్నం వేయించినప్పుడు దాన్ని వదిలేసి వెయ్యమన్నాం. మీ ఇంట్లో కూడా ఉంటే చెరపకండి. నేల నుంచి ఎన్ని అడుగులో టేపుతో కొలిచి, మీ గ్రూపు మినిట్స్ పుస్తకంలో రాయండి. సర్వేకి ఎవరొచ్చినా, ఏరు ఎక్కడిదాకా వచ్చిందో మన లెక్క మన దగ్గర ఉండాలి.