ఒక్క పిల్లాడి కోసం తెరిచిన బడి: విజయనగరం సంగీత కళాశాల కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక బడి గురించి మాట్లాడుకుందాం. లెక్కలు, సైన్సు చెప్పే బడి కాదు, పాట నేర్పే బడి.

ఇవాళ మీకు సంగీతం నేర్చుకోవాలనిపిస్తే ఏం చేస్తారు? ఫోన్ తీసి సరళీ స్వరాలు అని వెతుకుతారు. క్షణంలో వంద వీడియోలు వచ్చేస్తాయి. మీ వయసెంత, మీ నాన్నగారు ఎవరు, మీది ఏ ఊరు అని ఎవరూ అడగరు. మనకి ఇది మామూలు విషయం. కానీ వందేళ్ళ వెనక్కి వెళ్తే మొట్టమొదట అడిగేవి ఆ ప్రశ్నలే.

అప్పట్లో సంగీతం అంటే గురుకులం. గురువుగారి ఇంట్లోనే ఉండాలి, నీళ్ళు తోడాలి, గురువుగారితో పాటు ఊళ్ళు తిరగాలి. ఆయనకి ఎప్పుడు మనసైతే అప్పుడే పాఠం. ఈ పద్ధతిలో గొప్ప విద్వాంసులు తయారయ్యారు, అందులో అనుమానం లేదు. కానీ గురువు ఇంట్లోకి అడుగు పెట్టనిచ్చేది ఎవరిని? ఎక్కువగా చుట్టాల పిల్లల్ని, తమ కులం పిల్లల్ని. నాదస్వరం, డోలు లాంటివి కొన్ని కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. కచేరీ వినడానికి ఊరంతా వచ్చేది. నేర్చుకునే అవకాశం మాత్రం ఊరందరికీ ఉండేది కాదు.

ఇక విజయనగరం వెళ్దాం. సంవత్సరం 1919. అప్పటి మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజు. ఆయన సంస్థానంలో చాగంటి జోగారావు గారని ఒకాయన ఉండేవారు. ఆయన కొడుక్కి చూపు లేదు. ఆ పిల్లాడికి సంగీతం మీద ఆసక్తి. మామూలు బడికి పంపితే పలక కనపడదు, పుస్తకం కనపడదు. మరి వాడి బతుకేం కావాలి?

మన సంగీతంలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. అది చెవి ద్వారా వచ్చే విద్య. గురువు పాడతాడు, శిష్యుడు విని తిరిగి పాడతాడు. తప్పు పాడితే గురువు మళ్ళీ పాడి చూపిస్తాడు. కాగితం లేకపోయినా పాఠం ఆగదు. కాబట్టి చూపు లేని పిల్లాడు ఇక్కడ ఎవరికీ తక్కువ కాదు.

రాజుగారు తలుచుకుంటే ఏం చేయొచ్చు? ఒక మంచి విద్వాంసుణ్ణి పిలిపించి, జీతం ఇచ్చి, ఆ ఒక్క పిల్లాడికి ఇంట్లో పాఠం చెప్పించొచ్చు. అక్కడితో కథ అయిపోయేది. అలా జరగలేదు. విజయరామ గాన పాఠశాల అని ఒక బడే పెట్టేశారు. ఆ పిల్లాడి కోసం తెరిచిన తలుపు మిగతావాళ్ళకీ తెరిచే ఉంచారు. మద్రాసు మ్యూజిక్ అకాడమీ వచ్చింది 1928లో. అంటే దానికి తొమ్మిదేళ్ళ ముందే మన ఉత్తరాంధ్రలో సంగీతానికి ఒక బడి ఉందన్నమాట.

మొదటి ప్రిన్సిపాల్ ఎవరో తెలుసా? హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. బొబ్బిలి దగ్గర అజ్జాడ ఆయన ఊరు. పాట, ఆట, కవిత్వం, ఎన్నో భాషలు, అన్నీ ఒక్క మనిషిలో ఉండేవి.

అదే ఏడాది ఒక యువకుడు ఆ బడికి వచ్చాడు. వయసు ఇరవయ్యారు. చూపు బాగా మందం. అన్నగారి దగ్గర వయొలిన్ నేర్చుకున్నాడు. ఇక్కడ విద్యార్థిగా చేరదామని వస్తే, దాసుగారు ఆయన వాయించింది విని, నువ్వు నేర్చుకోవడం ఏమిటి, నేర్పు అని వయొలిన్ అధ్యాపకుడిగా వేసుకున్నారని చెప్తారు. ఆయనే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. 1936లో అదే కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. ఒకసారి ఆలోచించండి. చూపు లేని పిల్లాడి కోసం పెట్టిన బడికి ఎక్కువ పేరు తెచ్చిన గురువు, చూపు మందగించిన మనిషే.

సరే, బడి వచ్చింది, గురువులు వచ్చారు. ఇంతటితో అందరికీ సంగీతం అందినట్టేనా? ఇక్కడే అసలు సమస్య ఉంది. దీనికి ఘంటసాల గారి కథ చూడాలి.

ఘంటసాల వేంకటేశ్వరరావు గారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. నాన్నగారు సూరయ్య గారు తరంగాలు పాడేవారు. ఈయన చిన్నప్పుడే నాన్నగారు పోయారు. సంగీతం నేర్చుకోవాలన్న పట్టుదలతో వేలి ఉంగరం అమ్ముకుని, ఎవరూ తెలియని విజయనగరానికి వచ్చేశారు. తీరా వస్తే కాలేజీకి వేసవి సెలవులు! చేతిలో డబ్బు లేదు, తలదాచుకోవడానికి ఇల్లు లేదు. చివరికి ఆ కళాశాలలో గాత్రం చెప్పే పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి, పైసా తీసుకోకుండా నేర్పారు.

పాఠం ఉచితం. మరి అన్నం? శాస్త్రిగారిదీ కలిగిన ఇల్లు కాదు. అందుకని ఘంటసాల గారు మధుకరం ఎత్తారు. ఈ మాట మీలో చాలామంది విని ఉండరు. మధుకరం అంటే తేనెటీగ. తేనెటీగ పువ్వు పువ్వుకీ వెళ్ళి కొంచెం కొంచెం తెచ్చుకున్నట్టు, విద్యార్థి జోలె కట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అన్నం అడిగి తెచ్చుకోవడం. వారాలు చెప్పుకుని చదవడం అని ఇంకో పద్ధతి కూడా ఉండేది. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. మీ తాతగారిని అడగండి, వాళ్ళ తరంలో వారాలబ్బాయి ఎవరో ఒకరు తగులుతారు.

అంటే ఘంటసాల గారికి సంగీతం చెప్పింది శాస్త్రిగారే, కానీ ఆ చదువుని నిలబెట్టింది విజయనగరం వీధుల్లో ఓ ముద్ద అన్నం పెట్టిన అమ్మలు. వాళ్ళ పేర్లు ఏ చరిత్ర పుస్తకంలోనూ లేవు.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. ఈ మధుకరం, వారాలు అందరికీ దొరికేవి కావు. ఎక్కువగా బ్రాహ్మణ పిల్లలకే ఆ ఇళ్ళ తలుపులు తెరుచుకునేవి. అదే ఆకలితో, అంతే గొంతుతో వేరే కులం పిల్లాడు వచ్చి ఉంటే? బడి తలుపు తీసే ఉన్నా, వంటింటి తలుపు మూసి ఉంటే చదువు సాగదు. అందుకే ఆ రోజుల్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుండాలి.

అదే ఊళ్ళో, అదే కళాశాలలో చదివిన ఇంకో పేరు పి.సుశీల. ఆమె విజయనగరం అమ్మాయే, 1935లో పుట్టారు. లాయరు గారి కూతురు, భోజనానికి లోటు లేదు. కానీ మర్యాదస్తుల ఇంటి ఆడపిల్ల పాట పాడటమేమిటి అనే రోజులవి. అలాంటి కాలంలో సంగీతానికీ ఒక కళాశాల, క్లాసులు, పరీక్ష, డిప్లొమా ఉన్నాయంటే ఇంట్లోవాళ్ళకి అదీ ఒక చదువే అని చెప్పుకునే వీలు ఉంటుంది. ఒకరికి అన్నం అడ్డు, ఇంకొకరికి లోకం మాట అడ్డు. ఇద్దరూ ఆ గుమ్మం దాటాక మొదలుపెట్టే పాఠం మాత్రం ఒక్కటే.

అవును, కర్ణాటక సంగీతంలో మొదటి పాఠం ఎవరికైనా ఒకటే. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు. తర్వాత జంట వరసలు, అలంకారాలు, గీతాలు. పదహారో శతాబ్దపు పురందరదాసు ఈ వరస పెట్టారని చెప్తారు. ఎనిమిదేళ్ళ పాప వచ్చినా, రిటైరైన మాస్టారు వచ్చినా, ముందు ఒకటో కాలంలో స రి గ మ దగ్గరే కూర్చోవాలి. వయసుని బట్టి రాయితీ లేదు, చిన్నచూపూ లేదు.

ఆ పాఠశాలే ఇవాళ మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. 2019కి వందేళ్ళు నిండాయి. ఇంకో సంగతి. విజయవాడలో ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల పేరు ఏమిటో తెలుసా? ఘంటసాల వేంకటేశ్వరరావు గారి పేరే. జోలె పట్టుకుని ఒక కళాశాలలో చదివిన అబ్బాయి పేరు ఇంకో కళాశాల బోర్డు మీదకి ఎక్కింది.

ఇప్పుడు ఫోన్‌లో పాఠం ఉచితంగానే దొరుకుతోంది. కానీ మీరు రిషభం కొంచెం కిందకి పలికితే వీడియో ఆగి, ఇంకోసారి పాడమ్మా అనదు. దానికి ఎదురుగా ఒక మనిషి కూర్చోవాలి. ఆ మనిషికి జీతం కావాలి, నేర్చుకునేవాళ్ళకి తీరిక కావాలి, పూట గడవాలి. 1919లో ఇందులో కొంత రాజు ఇచ్చాడు, కొంత గురువు ఇచ్చాడు, మిగతాది ఊరు ఇచ్చింది. ఇప్పుడు రాజులు లేరు. ప్రభుత్వం ఉంది, ఊరు ఉంది, మనం ఉన్నాం.

మీ జిల్లాలో ప్రభుత్వ సంగీత కళాశాల గానీ పాఠశాల గానీ ఉందేమో కనుక్కోండి. ఉంటే ఒక సాయంత్రం వెళ్ళి బయట నిలబడి వినండి. మీ అమ్మగారికో నాన్నమ్మగారికో పాడాలని కోరిక ఉంటే, వాళ్ళనీ తీసుకెళ్ళండి. ఈ వయసులోనా అని వాళ్ళు వెనకాడితే, ఇరవయ్యారేళ్ళ వయసులో విద్యార్థిగా చేరడానికి వచ్చిన ద్వారం వారి కథ చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. సెలవు.