కదలని నౌకలు – కనబడని పుట్టి



సముద్రానికి ఎంతో దూరాన ఉన్న ఆత్మకూరులో కూర్చుని నౌకల గురించి వ్రాయడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చును. మా ప్రాంతం వారు ఎరిగిన మహాజలం కృష్ణమ్మ ఒక్కతే. ఎరిగిన నౌక పుట్టి ఒక్కటే. అయినను ఈ వ్యాసం వ్రాయడానికి ఒక కారణం ఉన్నది. అది చివర మనవి చేస్తాను.

2020వ సంవత్సరం వేసవిలో ఇంగ్లండు దక్షిణ తీరంలో స్థిరపడిన నా పూర్వ విద్యార్థి ఒకడు తన ఫోనుతో తీసిన కొన్ని ఛాయాచిత్రాలు నాకు పంపించాడు. "సార్, ఇవి చూడండి. నెలల తరబడి ఊరికే నిలబడి ఉన్నాయి" అని క్రింద ఒక్క వాక్యం. వేమత్ అనే పట్టణం ఎదుట సముద్రంలో అంతస్తుల మీద అంతస్తులున్న విహారనౌకలు వరుసగా లంగరు వేసుకొని ఉన్నాయి. సాయంసంధ్యలో తీసిన చిత్రంలో అవి దీపాలు పెట్టుకున్న కోటల వలె ఉన్నాయి. కోటలో రాజు లేడు, పరివారం లేదు.

దీని పూర్వరంగం మనకు తెలిసినదే. 2020 ఫిబ్రవరిలో జపాను దేశపు యోకోహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే నౌకను కరోనా కారణంగా నిర్బంధించారు. అందులోని 3,711 మందిలో 712 మందికి ఆ వ్యాధి సోకింది. మార్చి మధ్య నాటికి ప్రధాన విహారనౌకా సంస్థలన్నీ ప్రయాణాలు నిలిపివేశాయి. అప్పుడొక చిక్కు వచ్చి పడింది. ఈ నౌకలు ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలన్న లెక్కతో కట్టినవి. అన్నీ ఒక్కసారి ఇంటికి వస్తే నిలబడడానికి రేవుల్లో చోటు చాలదు. చోటు దొరికినా రోజువారీ రుసుము తడిసి మోపెడవుతుంది. అందుచేత తీరానికి కొంత దూరాన, గాలి తాకిడి తక్కువగా ఉన్న అఖాతాలలో లంగరు వేశారు. క్వీన్ మేరీ 2, ఆరోరా, ఆర్కేడియా వంటి పేరుమోసిన నౌకలు వేమత్, టోర్బే తీరాలలో అలా నిలిచినవే. క్వీన్ మేరీ పొడవు 345 మీటర్లు!

"ఊరికే" నిలబడి ఉన్నాయన్నాడు మా వాడు గాని, నౌక ఊరికే నిలబడడం సాధ్యం కాదు. విద్యుత్తు కోసం యంత్రాలు తిరుగుతూ ఉండాలి, మంచినీరు తయారు కావాలి, తుప్పు పట్టకుండా చూచుకోవాలి. తుఫాను వస్తే లంగరెత్తి నడిసముద్రానికి పోవాలి. ఇవన్నీ చేయడానికి కొద్దిపాటి సిబ్బంది లోపలే ఉండిపోయారు. ఒక్క లంగరు మీద నిలిచిన ఓడ గాలికి, పోటుపాట్లకు అనుగుణంగా తిరుగుతుంది. ఉదయం ముఖం చూపిన ఓడ సాయంత్రానికి వీపు చూపవచ్చును. అందుకే కెమెరా పట్టుకున్నవారు ఒకే తీరానికి మళ్ళీ మళ్ళీ వచ్చారు. ఆ ఏడు ఆగస్టులో ఒక చిన్న పడవ యజమాని ఈ నౌకల దగ్గరకు జనాన్ని తీసుకుపోయి చూపించడమే ఒక యాత్రగా నడిపాడు. విహారనౌకల చుట్టూ విహారం!

మన దేశంలోనూ ఈ కథ జరిగింది. కర్ణిక అనే విహారనౌక ఆ సంవత్సరం ముంబయి ఎదుట నెలల తరబడి ఆగిపోయింది. 1990లో ఇటలీలో క్రౌన్ ప్రిన్సెస్ అన్న పేరుతో పుట్టి, డాల్ఫిన్ ఆకృతిని తలపించే శిరోభాగంతో ప్రసిద్ధి చెందిన ఓడ అది. దానిని నడిపిన జలేష్ సంస్థ 2020లోనే మూతపడగా, నవంబరులో నౌక గుజరాతులోని అలంగ్ తీరానికి చేరి తునాతునకలయింది. ఆగి ఉన్నప్పుడు ఎవరైనా దాని చిత్రం తీసి ఉంటే, వారికి తెలియకుండానే దాని చివరి రోజులను భద్రపరచినవారయ్యారు.

అయితే ఈ చిత్రాలలో కనిపించనివారు ఉన్నారు. ఆ నౌకలలో చిక్కుకున్న వంటవారు, గదులు సర్దేవారు, యంత్రాలు చూచేవారు. వారిలో భారతీయులు వేల సంఖ్యలో ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో మరెల్లా డిస్కవరీ అనే నౌక నుండి వంద మందికి పైగా మనవారిని ముంబయిలో దిగనిచ్చేందుకు ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇవ్వవలసి వచ్చింది. ఇల్లు కంటికి ఆనుతున్నా కాలు మోపలేని స్థితి! దూరం నుండి తీసిన చిత్రంలో ఓడ దీపాలు కనిపిస్తాయి. దీపం క్రింద మనిషి కనిపించడు.

ఇక నేను కన్నులారా చూచిన సంగతి. 2020 అక్టోబరు 13న, తీవ్ర వాయుగుండం వేళ, విశాఖపట్నం ఎదుట లంగరు వేసి ఉన్న 'మా' అనే బంగ్లాదేశ్ సరకు రవాణా నౌక గాలికి కొట్టుకువచ్చి తెన్నేటి పార్కు దగ్గర రాళ్ళ మీద చిక్కుకుంది. అందులోని 15 మంది సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు. మరుసటి ఏడు విశాఖ వెళ్ళినప్పుడు చూతునుగదా, ఆ ఓడ ముందు తిరునాళ్ళు! అందరి చేతుల్లోనూ ఫోనులే. పల్లీలు అమ్ముకునే ముసలాయన ఒకడు ఓడకు అడ్డంగా నిలబడితే, ఒక యువకుడు "తాతా, కొంచెం పక్కకు జరుగు" అన్నాడు. ఆయన బుట్ట ఎత్తుకొని జరిగాడు.

ఆ మాట నాకు గుచ్చుకున్నది. ఎందుకంటే ముప్ఫై అయిదేండ్ల క్రితం అదే మాట నేనూ అన్నాను.

పుట్టి అంటే తెలియని చిన్నవారికి ఒక మాట. ధాన్యం కొలిచే పుట్టి వేరు. ఇది వెదురుతో బుట్టవలె అల్లి, పైన తోలు కప్పిన గుండ్రని పడవ; తరువాతి కాలంలో తోలు పోయి తారు పూసిన పట్టా వచ్చింది. 1520ల ప్రాంతంలో విజయనగరం చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీద వీటిని చూచి, పదిహేను ఇరవై మంది పట్టే బుట్టలనీ, తెడ్డు వేస్తుంటే గిర్రున తిరుగుతాయనీ వర్ణించాడు. అంతకు రెండు వేల ఏండ్లకు పూర్వం గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను నదిలో ఇటువంటి తోలు పడవలనే చెప్పాడు. ఇంతటి ప్రాచీన వాహనం మీద ఆత్మకూరు వైపు నుండి గద్వాల వైపునకు నా బాల్యంలో ఎన్నిసార్లు దాటానో లెక్కలేదు.

1981లో జూరాల ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. 1986లో, పనులు సాగుతుండగా, నేను కొత్తగా చేరిన పాఠశాల పిల్లలను అక్కడికి తీసుకుపోయాము. ఒడ్డున ఫోటో తీయించుకుంటున్నాము. వెనుక ఒక పుట్టి, దాని ప్రక్కన తెడ్డు పట్టుకొని పుట్టివాడు. నన్ను చిన్ననాడు దాటించినవాడే. ప్రాజెక్టు కనిపించాలని, "కొంచెం పక్కకు జరుపు" అన్నాను. "నన్ను గూడ పటంల పడనీయరాదా సారూ" అని నవ్వి, పుట్టిని లాక్కుపోయాడు.

తరువాత ఆనకట్ట మీదుగా రాకపోకలు మొదలైనాయి. రేవులో పుట్లు బోర్లించబడ్డాయి. చేపలు పట్టేవారికి అవి ఇంకా అక్కరకు వస్తున్నాయి గాని, మనుషులను దాటించే వృత్తి అక్కడ ముగిసినట్లే. ఆ పుట్టివాడు ఇప్పుడు లేడు. ఆ ఫోటో నా దగ్గర ఉన్నది. అందులో నేనున్నాను, పిల్లలున్నారు, సగం కట్టిన గోడ ఉన్నది. అతడు లేడు.

నిజాం కొలువులో రాజా దీన్ దయాళ్ తీసిన చిత్రాల వలన ఆనాటి భవనాలు, దొరలు నేటికీ మన కళ్ళ ముందున్నారు. వేమత్ నౌకలకు తీరమంతా చిత్రకారులే. మా రేవు ఆగిపోయిన రోజున ఒక్క కెమెరా కూడా లేదు. ఉన్న ఒక్క కెమెరా ముందు నుండి నేనే జరిపివేశాను.

మిత్రులారా, మీ పెద్దల పాత ఆల్బములలో కృష్ణా, తుంగభద్ర రేవుల చిత్రాలుంటే ఒకసారి తీసి చూడండి. మూలన ఎక్కడో పుట్టి, తెడ్డు, ఒక మనిషి కనిపిస్తే ఆ పేరు తెలిసినవారిని అడిగి, సంవత్సరంతో సహా చిత్రం వెనుక వ్రాసి పెట్టండి. నా ఫోటో వెనుక ఆ పేరు నేను నిన్ననే వ్రాశాను.